సగంలో ఆగిన మెట్టు

ఆ వీధిలో అందరూ ఆవిడను కండక్టరమ్మ అనే పిలుస్తారు. ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్ళయినా పేరు మాత్రం రిటైరు కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టింది. కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి, భుజంతో కమ్మీని ఆనుకుని, రెండు చేతులా టిక్కెట్లు చింపుతూ, లోపల ఎవరు టిక్కెట్టు తీసుకోలేదో వీపుతో చూసి చెప్పగలదని డిపోలో అనుకునేవారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా కాలు జారలేదు. ఆ సంగతి ఆవిడ తనంతట తాను ఎవరికీ చెప్పుకోలేదు గాని, ఎవరైనా చెబుతుంటే ఆపేది కాదు.

కోడలు రోడ్ల సర్వేయరు. రోడ్డు వెయ్యబోయే చోటికి అందరికన్నా ముందు వెళ్ళి, మూడు కాళ్ళ స్టాండు మీద పరికరం బిగించి, నేల ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో కొలిచి రాయడం ఆమె పని. రోడ్డు లేని చోట తిరగాలి కాబట్టి ఎత్తుగా ఉండే పెద్ద కారు కొనుక్కుంది. ఎవరో మూడేళ్ళు వాడి అమ్మేసిన బండి. అయినా తోలు సీట్లు, అద్దాల పైకప్పు, అడుగు పెడితే సినిమా హాల్లోకి వచ్చినట్టు చల్లదనం. బురదలో తిరగడానికి ఇంత షోకు కావాలా అని తోటివాళ్ళు ఏడిపిస్తే, "రోజంతా ఎండలో నిలబడేదాన్ని. కూర్చునే కాసేపైనా మహారాణిలా కూర్చుంటాను" అనేది. కండక్టరమ్మ కొడుక్కి డ్రైవింగ్ రాదు. నేర్పబోయిన ముగ్గురూ మర్యాదగా తప్పుకున్నారు. అతను పనిచేసే లైబ్రరీ ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం కావడంతో ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

ఆ కారులో కండక్టరమ్మకు అన్నిటికన్నా నచ్చింది దాని మెట్టు. తలుపు తియ్యగానే కారు కింద నుంచి సన్నగా గొణుగుతూ పొడుగాటి మెట్టు బయటికి వచ్చేది. దాని అంచున చిన్న లైటు వెలిగేది. ఎక్కి తలుపు వేసుకున్నాక రెండు క్షణాలాగి, ముడుచుకుని మళ్ళీ కారు కడుపులోకి వెళ్ళిపోయేది.

మొదటిరోజు ఆవిడ నాలుగుసార్లు తలుపు తీసి, నాలుగుసార్లు వేసింది.

"పిలవకుండా వస్తోంది, పొమ్మనకుండా పోతోంది" అంది కోడలితో. "ఇంత బుద్ధిమంతురాలిని మా డిపోలో ఒక్కదాన్నీ చూళ్ళేదు."

అప్పటికే ఆవిడ మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. ఆ మెట్టు లేకపోతే అంత ఎత్తు కారులోకి ఎవరో ఒకరు చంకల్లో చేతులు వేసి లేపాల్సిందే. మెట్టు ఉండబట్టి ఒకరి చెయ్యి తగలకుండా ఎక్కి కూర్చునేది. సాయంత్రాలు కోడలు పని నుంచి త్వరగా వస్తే ఇద్దరూ అలా ఊరి బయటిదాకా వెళ్ళి, గాలి పోసుకుని, ఏదో ఒక కొట్టు దగ్గర టీ తాగి వచ్చేవారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య నాలుగు మాటలు నడిచేది ఎక్కువగా ఆ కారులోనే.

ఆ ఏడాది వానలు ముందుగా పట్టుకున్నాయి. కోడలు కొత్త బైపాస్ పని మీద ఉంది. రోజూ ఎర్రమట్టిలో పడి తిరిగితే సాయంత్రానికి కారు కుండలు చేసే చోటి నుంచి లేచి వచ్చినట్టుండేది. వారానికోసారి కార్లు కడిగే చోట కడిగించేది. అక్కడ గొట్టంతో కొట్టే నీళ్ళ జోరుకు పైన కనబడే మట్టి పోయేది, లోపలి మట్టి ఇంకా లోపలికి పోయేది. ఒక వారం కారు కడిగే మనిషి డ్రైవరు పక్క సీటు వైపు మెట్టు కిర్రుమనడం విన్నాడు. పాపం మంచి మనసుతోనే, చేతినిండా గ్రీజు తీసి దాని కీళ్ళకు దట్టంగా పట్టించాడు.

"ఇంక ఆర్నెల్లు దీని మొహం చూడక్కర్లేదు మేడం" అన్నాడు.

నాలుగు రోజులు చప్పుడు లేదు. ఐదో రోజు మళ్ళీ మొదలైంది. ఈసారి కిర్రుమని కాదు, పళ్ళు నూరినట్టు. కోడలికి వినబడింది. వచ్చే వారం చూపిద్దాం అనుకుంది. ఆ వచ్చే వారంలోనే బైపాస్ మలుపు దగ్గర కొలతలు రెండుసార్లు తేడా వచ్చి, మొదటి నుంచి కొలవాల్సి వచ్చింది. కారెక్కగానే రేడియో గొంతు కాస్త పెంచి మెట్టు సంగతి మర్చిపోయింది.

ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున్న రిటైరైన బస్సు ఉద్యోగులు ఒక హాల్లో కలుసుకుంటారు. కండక్టరమ్మ ఒక్క నెల కూడా మానలేదు. ఆ శనివారం కూడా ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, చేతిసంచి తీసుకుని వాకిట్లోకి వచ్చింది. కోడలు అప్పటికే స్టీరింగు ముందు కూర్చుంది. ఆవిడ తలుపు తీసింది. సంచిలో కళ్ళజోడు ఉందో లేదో చూసుకుంటూనే, రోజూ మెట్టుండే చోట కాలు వేసింది.

మెట్టు సగమే వచ్చి, ఏటవాలుగా ఆగిపోయి ఉంది. మడమ దాని అంచు మీద పడి జారింది. కండక్టరమ్మ పక్కకు ఒరిగి సిమెంటు వాకిట్లో పడింది. ఒళ్ళంతా ఎడం చేతి మీద పడింది.

మణికట్టు దగ్గర ఎముక విరిగిందన్నారు. ఆరు వారాలు కట్టు. తుంటికి ఏం కాలేదు, అదృష్టవంతులు అన్నాడు డాక్టరు. అదృష్టవంతులు అనిపించుకున్న మనిషి మాత్రం గోడకేసి చూస్తూ కూర్చుంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో ఆవిడ ఒకటే మాట చెప్పింది. "నేనే చూసుకోలేదు. నడిచే బస్సులోంచి పడనిదాన్ని, నిలబడ్డ కారులోంచి పడ్డాను." వాళ్ళు నవ్వితే తనూ నవ్వింది. మెట్టు సగంలో ఆగిందని ఒక్కరికి కూడా చెప్పలేదు. ఆ మాట వంటింట్లోంచి విన్న ప్రతిసారీ కోడలు చేస్తున్న పని ఆపి, గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళేది.

సోమవారం కోడలు కారును కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళింది. అద్దాల గది, మెత్తటి కుర్చీలు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకున్న మనిషి టాబ్లెట్ పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి మెట్టు కిందికి చూసి, వెంటనే లేచాడు.

"మొత్తం సెట్టు మార్చాలి మేడం. పార్టు తెప్పించడానికి పది పన్నెండు వారాలు పడుతుంది."

"ఒకసారి విప్పి చూస్తారా? లోపల మట్టి పట్టిందేమో."

"మేం విప్పం మేడం. మారుస్తాం."

ఆ మనిషి మర్యాదలో లోపం లేదు. అప్పటిదాకా మెట్లు కదలకుండా కారు లోపలి స్క్రీన్ మీద ఆఫ్ చేసి పెట్టాడు. మెట్లు కారు కిందే ముడుచుకుని ఉండిపోయాయి. కోడలు తిరిగి వస్తూ దారి పొడుగునా రేడియో పెట్టలేదు.

తర్వాతి వారాల్లో ఇంట్లో ఎవరికి తోచిన ఉపాయం వాళ్ళు చేశారు. కొడుకు ఒక ప్లాస్టిక్ స్టూలు కొనుక్కొచ్చి కారు పక్కన పెట్టి, దాని మీద తను ఎక్కి దిగి చూపించాడు. కండక్టరమ్మ స్టూలునీ, కొడుకునీ మార్చి మార్చి చూసింది.

"ముప్పై ఏళ్ళు జనాన్ని బస్సెక్కించాను. ఇప్పుడు స్టూలెక్కి బండెక్కనా?"

"పోనీ ఈ మెట్లు తీసేయించి మామూలు రేకు మెట్టు వేయిద్దామమ్మా. ముడుచుకోదు, మొరాయించదు."

"ఆ సైటు గుట్టల్లో రేకు మెట్టు కింద తగిలి ఊడొస్తుంది. మీ ఆవిణ్ణి అడుగు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజున కిందుగా ఉండే అద్దె కారు పిలిపించుకుంది. "ఇదే సుఖంగా ఉందిలే" అంది. సాయంత్రం బయటికి వెళ్దామంటే కాళ్ళు లాగుతున్నాయంది. మళ్ళీ నెల మొదటి శనివారం వచ్చింది. ఆవిడ పొద్దున్నే స్నానం చేసి, ఇంట్లో కట్టుకునే పాత చీరే కట్టుకుంది. హాలు నుంచి ఎవరో ఫోన్ చేస్తే, చెయ్యి నొప్పిగా ఉందని చెప్పింది. నొప్పి తగ్గి వారం దాటిందని ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

చేతికి కట్టు ఉన్నన్నాళ్ళూ ఆవిడకు జడ వేసింది కోడలే. మొదట్లో ఇద్దరికీ మొహమాటంగా ఉండేది. పోనుపోను అలవాటైంది. మధ్యాహ్నం పనికి సెలవు పెట్టిన ఒకరోజు, కిటికీ పక్క కుర్చీలో అత్తగారిని కూర్చోబెట్టి, వెనక నిలబడి చిక్కు తీస్తోంది. మొహాలు ఎదురుగా లేకపోవడం వల్లనో ఏమో, ఐదు వారాలుగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"అత్తయ్యా, మీరు పడింది మీ తప్పు కాదు."

"పోనీలే అమ్మాయ్, అయిపోయింది."

"అది కాదు. ఆ మెట్టు చప్పుడు నాకు పది రోజుల ముందే వినబడింది. చూపిద్దాం చూపిద్దాం అనుకుంటూ రేడియో పెంచుకున్నాను. మీరు అందరితో నేనే చూసుకోలేదని చెబుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు."

కండక్టరమ్మ వెనక్కి తల తిప్పింది. దువ్వెన ఆగిపోయింది.

"నాకూ వినబడింది" అంది మెల్లగా.

"ఏమిటి?"

"చప్పుడు. ముప్పై ఏళ్ళు బస్సుల్లో తిరిగినదాన్ని, ఇనుము మూలిగితే నాకు తెలియదా? నీకన్నా ముందే వినుంటాను. చెబుదామనుకున్నాను. కారు నీది. నీ కష్టంతో కొనుక్కున్నావు. ఊరికే ఎక్కించుకు తిప్పుతుంటే పైగా వంకలు కూడానా, ముసలిది సణుగుతోంది అనుకుంటావేమోనని నోరు మూసుకున్నాను."

"నేనెందుకు అలా అనుకుంటాను అత్తయ్యా?"

"అనుకోవు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నీతో అంత చనువు లేదు కదా."

ఆ మాట నిజం. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు చుట్టాల్లాగే మెలిగారు. కోడలు కుర్చీ ముందుకు వచ్చి కింద కూర్చుంది. సగం చిక్కు తీసిన జుట్టు చెదిరిపోయినా ఇద్దరూ పట్టించుకోలేదు.

"మళ్ళీ పడతానేమోనని భయమా?" అని అడిగింది.

"పడటానికి కాదమ్మాయ్." కండక్టరమ్మ తన పాదాలకేసి చూసుకుంది. "నా కాలికి ఎక్కడ ఏముందో తెలుసని ఇన్నాళ్ళూ ఒక ధీమా. కళ్ళు ఎటున్నా కాలు తన పని తాను చేసుకుపోయేది. ఆ రోజు నుంచి ఇంట్లో గడప దాటేటప్పుడు కూడా కాలితో తడుముకుంటున్నాను. రాత్రీ పగలూ నడిచిన ఇల్లు. నవ్వొస్తోంది గాని, నిజం."

కోడలు ఆవిడ కుడి చెయ్యి పట్టుకుంది. కాసేపటికి కండక్టరమ్మే తేరుకుని, కట్టున్న చేతిని ఒళ్ళో సర్దుకుంది.

"ఆ సర్వీసు వాళ్ళు మేం విప్పం అన్నారు, అంతేనా?"

"మార్చడమే తప్ప విప్పరట."

"అయితే విప్పేవాణ్ణి నేను చూపిస్తాను. మా డిపోలో బస్సు తలుపులు బాగుచేసే ఆయన ఉండేవాడు. వాటంతటవే మడత పడే తలుపులు వచ్చాక సగం మంది మెకానిక్‌లు చేతులెత్తేశారు. ఈయన ఒక్కడే వాటి మాట విన్నాడు. తలుపులాయన అనేవాళ్ళం. ఇప్పుడు కొట్ల షట్టర్లు బాగుచేసుకుంటున్నాడు."

ఆదివారం పొద్దున్నే తలుపులాయన మోపెడ్ మీద వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకున్న మనిషి. కండక్టరమ్మ కట్టు చూసి, కారు చూసి, "ఇదేనా మిమ్మల్ని పడేసింది?" అన్నాడు.

"ఇదే. దెబ్బలాడకుండా బాగుచెయ్యండి."

ఆయన పెట్టె తెరవలేదు. ముందు స్క్రీన్ మీద మెట్లు మళ్ళీ ఆన్ చెయ్యమన్నాడు. కోడల్ని తలుపు తియ్యమని, వెయ్యమని, మళ్ళీ తియ్యమని, తను మాత్రం నేల మీద చెవి పెట్టినంత పనిగా వంగి విన్నాడు. కొడుకు ఏదో అడగబోతే వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. ఎనిమిదోసారి మెట్టు మళ్ళీ సగంలో ఆగింది.

"మోటారు బంగారంలా ఉంది" అన్నాడు లేచి. "దీనికి ఒక జాగ్రత్త పెట్టారు. బయటికి వచ్చేటప్పుడు ఎవరి కాలైనా అడ్డం వస్తే నొక్కెయ్యకుండా ఆగిపోవాలని. ఇప్పుడు కీళ్ళు బిగుసుకుపోయి తోస్తుంటే కదలట్లేదు. అది అమాయకంగా ఎవరిదో కాలు అడ్డముందనుకుని ఆగిపోతోంది."

వాకిట్లో చాప పరుచుకుని కారు కిందికి దూరాడు. గంటన్నర పట్టింది మెట్టును దాని చేతులతో సహా కిందికి దించడానికి. పాత వార్తాపత్రిక మీద ఒక్కొక్క భాగం వరసగా పెట్టాడు. కీళ్ళలో ఉండే నాలుగు పిన్నులూ బయటికి లాగితే, ఎర్రమట్టీ గ్రీజూ కలిసి గట్టిపడిన ముద్ద వాటితోపాటు వచ్చింది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి కోడలికి చూపించాడు.

"పట్టుకు చూడండి. ఇది గ్రీజు కాదిప్పుడు, గరుకు కాగితం."

"గ్రీజు పెట్టకూడదా?"

"మూతలోపల దాక్కునే కీలుకి పెట్టాలి. రోడ్డు మీద తిరిగే కీలుకి పెడితే దుమ్ముని భోజనానికి పిలిచినట్టే. దీనికి నీళ్ళతో మెల్లగా కడగడం, తుడిచి ఆరబెట్టడం, పొడిగా ఉండే సిలికాన్ స్ప్రే కొంచెం కొట్టడం. బురదలో తిరిగే రోజుల్లో పదిహేను రోజులకోసారి. అంతకుమించి ఇది ఏమీ అడగదు."

కోడలు తన సర్వే పుస్తకం తెచ్చుకుని, నేల ఎత్తుపల్లాలు రాసే పేజీలోనే ఇదంతా రాసుకుంది.

నాలుగు పిన్నుల్లో ఒకటి అరిగి సన్నబడింది. అది తిరిగే చిన్న గొట్టంలాంటి బుష్ కూడా వదులైంది. కొత్తవి తను లేతు మిషను మీద చేయించి తెస్తానని, రెండు రోజులు ఓపిక పట్టమని తలుపులాయన కొలతలు తీసుకుని వెళ్ళాడు. కారు రెండు రోజులు ఒక పక్క పన్ను ఊడినట్టు నిలబడింది. కోడలు సైటుకు తోటి ఉద్యోగి జీపులో వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నం ఆయన ఇత్తడి బుష్‌తో, కొత్త పిన్నుతో వచ్చాడు. అన్నీ బిగించాడు. మోటారుకు వెళ్ళే వైరు ప్లగ్గులో పచ్చగా పట్టిన చిలుమును సన్న బ్రష్షుతో గీకి తుడిచాడు. తలుపు తీశారు. మెట్టు చప్పుడు లేకుండా చివరిదాకా వచ్చి, టక్కున నిలబడింది. లైటు వెలిగింది. కోడలి మొహమూ వెలిగింది.

"అయిపోయిందండీ" అన్నాడు తలుపులాయన.

"అప్పుడే?" అంది కండక్టరమ్మ. ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "వందసార్లు తీసి వెయ్యండి. నేను లెక్కపెడతాను."

ఎవరూ నవ్వలేదు. కోడలు తలుపు దగ్గర నిలబడింది. తియ్యడం, మెట్టు బయటికి రావడం, వెయ్యడం, మెట్టు లోపలికి పోవడం. ఆవిడ ఒక్కొక్క అంకె పైకి అంటోంది. ముప్పై దాటాక కోడలి చెయ్యి నొప్పెట్టి కొడుకు అందుకున్నాడు. అరవై మూడోసారి మెట్టు చివర్లో ఒక్క క్షణం తడబడింది. వేరేవాళ్ళయితే గమనించి ఉండేవారు కాదు.

"ఆగండి" అన్నారు అత్తా కోడలూ ఒకేసారి. ఒకరినొకరు చూసుకున్నారు.

తలుపులాయన మళ్ళీ కారు కిందికి వెళ్ళాడు. వైరును పట్టి ఉంచే క్లిప్పు ఒకటి వదులై, మెట్టు చెయ్యికి రాసుకుంటోంది. సరిచేసి వచ్చాడు.

"అరవై నాలుగు" అన్నాడు కొడుకు తలుపు పట్టుకుని.

"కాదు. ఒకటి నుంచి" అంది కండక్టరమ్మ.

కొడుక్కి తల ప్రాణం తోకకొచ్చింది గాని, వంద పూర్తయ్యింది. ఆ తర్వాత తలుపులాయన తను మెట్టు మీద నిలబడి ఎగిరి చూపించాడు. కోడలు కూడా ఎక్కి ఆయన పక్కన నిలబడింది. మెట్టు చెక్కు చెదరలేదు. "ఇప్పుడు మీరు" అన్నట్టు ముగ్గురూ ఆవిడకేసి చూశారు.

"రేపెప్పుడైనా చూద్దాం" అని ఆవిడ టీ పెట్టించడానికి లోపలికి లేచింది. కోడలు బలవంతపెట్టలేదు.

తర్వాతి సోమవారం చేతి కట్టు విప్పారు. మంగళవారం పొద్దున కోడలు సైటుకు బయల్దేరుతూ మేకు మీద చూస్తే కారు తాళం లేదు. భర్తను అడగబోయి, వాకిట్లో తలుపు చప్పుడు విని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

కండక్టరమ్మ ఒక్కతే కారు పక్కన నిలబడి ఉంది. తలుపు తీసింది. మెట్టు వచ్చింది. దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. కుడి కాలు దాని మీద పెట్టి, బరువు వెయ్యకుండా కొంచెంసేపు ఉంచింది. తీసేసింది. తలుపు వేసింది. మళ్ళీ తీసింది. ఈసారి బరువు వేసింది. లోపలి కమ్మీని కుడి చేత్తో పట్టుకుంది. ఎడం చెయ్యి సన్నగా, పాలిపోయి, ఇంకా తనది కానట్టుంది. దాన్ని కూడా కమ్మీ మీద వేసింది. రెండో కాలు నేల వదలలేదు. దిగిపోయింది.

కోడలికి సైటుకు ఆలస్యమవుతోంది. అయినా కిటికీ దగ్గర నుంచి కదలలేదు, పిలవలేదు. అక్కడ తన అవసరం లేదని ఆమెకు తెలిసింది.

ఐదోసారో ఆరోసారో రెండో కాలు కూడా లేచింది. కండక్టరమ్మ మెట్టు మీద నిటారుగా నిలబడింది. వెంటనే లోపల కూర్చోలేదు. అక్కడి నుంచి ప్రహరీ మీదుగా వీధి మొత్తం కనిపిస్తుంది. ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి చూసి, అప్పుడు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. మెట్టు ముడుచుకుంది. కాసేపటికి అద్దం కిందికి దిగింది.

"అమ్మాయ్, ఎంతసేపు నిలబడతావు అక్కడ? నీకు టైం అవుతోంది. నన్ను వీధి మలుపుదాకా తీసుకెళ్ళి దింపు, నడిచొస్తాను."

ఆ కొద్ది దూరంలో ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. కారులో గాని ఇంట్లో గాని ఏ చప్పుడైనా ఎవరికి ముందు వినబడితే వాళ్ళు చెప్పెయ్యాలి. వంక అనుకోవద్దు, సణుగుడు అనుకోవద్దు. మొదటిది కండక్టరమ్మే చెప్పింది. నువ్వు గిన్నెలు సర్దే చప్పుడుకి నాకు పొద్దున్నే మెలకువ వస్తోందమ్మాయ్, అంది. కోడలు నవ్వి, మీరు ఫోన్లో మాట్లాడితే పక్కింటివాళ్ళు జవాబు చెబుతున్నారు అత్తయ్యా, అంది.

పదిహేను రోజులకోసారి మెట్లు కడిగే పని కండక్టరమ్మ తీసుకుంది. చిన్న పీట వేసుకుని, మగ్గుతో నీళ్ళు పోస్తూ, పాత పళ్ళ బ్రష్షుతో కీళ్ళు శుభ్రం చేసి, గుడ్డతో ఒత్తి, ఆరాక స్ప్రే కొట్టేది. బ్రష్షు తిప్పితే ఎడం చేతికి వ్యాయామం అవుతోందని డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. మట్టిని బట్టి కోడలు ఏ సైటుకు వెళ్ళొచ్చిందో చెప్పేది.

మళ్ళీ నెల మొదటి శనివారం వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని కారెక్కాక, కండక్టరమ్మ హాలుకు కాకుండా వేరే దారి చెప్పింది.

"ఒక మనిషిని ఎక్కించుకోవాలి. నాతో పదకొండేళ్ళు ఒకే బస్సు నడిపిన డ్రైవరు. ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పి రెండేళ్ళయింది. ఆయనా ఇంట్లోనే ఉండిపోయాడు. నేను రెండు నెలలు ఉంటేనే నాకు ఊపిరాడలేదు. ఆయన సంగతి ఇన్నాళ్ళూ నాకు తట్టనేలేదు చూడు."

ఆ డ్రైవరు ఇల్లు సన్నటి సందులో ఉంది. భార్య చెయ్యి పట్టుకుని, చేతికర్ర ఊతంగా బయటికి వచ్చాడు. అంత ఎత్తు కారును చూడగానే ఆగిపోయాడు.

"నావల్ల కాదమ్మా. మీరు వెళ్ళండి. అందరినీ అడిగానని చెప్పు."

కండక్టరమ్మ దిగి ముందు తలుపు తీసింది. మెట్టు బయటికి వచ్చింది. ఆయన దాన్ని అనుమానంగా చూశాడు.

"ఇది నమ్మకమైనదేనా?"

"ఒకసారి నన్ను పడేసింది" అంది ఆవిడ దాచకుండా. "తప్పు దానిది కాదు, మేం చూసుకోలేదు. తలుపులాయన విప్పి బాగుచేశాడు. మొన్ననే నా చేత్తో కడిగాను. అయినా సరే, ముందు కంటితో చూడండి. పూర్తిగా వచ్చిందనుకున్నాకే కాలు వెయ్యండి. మాకేం తొందర లేదు."

ఆయన చూశాడు. కర్రతో దాన్ని రెండుసార్లు తట్టాడు. బాగున్న కాలు పెట్టాడు. కోడలు వెనక నిలబడింది గాని చెయ్యి వెయ్యలేదు. ఆయన కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగించి, రెండో కాలు ఎలాగో లాక్కున్నాడు. మెట్టు మీద నిలబడి ఊపిరి తీసుకుని, సీట్లోకి ఒరిగాడు. భార్య వాకిట్లో నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

కారు పెద్ద రోడ్డెక్కింది. ముందు అద్దంలోంచి రోడ్డు అంత పైనుంచి కనబడేసరికి ఆయన నడుం తనంతట తాను నిటారైంది. చౌరస్తా దగ్గర ఎదురుగా బస్సొకటి అడ్డంగా తిరుగుతుంటే, ఆయన బాగున్న కాలు, అక్కడ లేని బ్రేకును నొక్కింది. కోడలు చూసి నవ్వాపుకుంది. వెనక సీట్లోంచి కండక్టరమ్మ ఆ బస్సు ఏ డిపోదో, ఏ రూటో, ఎంత ఆలస్యంగా నడుస్తోందో చెప్పింది. అది ఆలస్యం కాదు, ఆ రూటు టైమే మార్చారని ఆయన వాదించాడు. హాలు వచ్చేదాకా ఆ తగువు తెగలేదు.

కారు ఆగింది. హాలు ముందు నిలబడ్డవాళ్ళు కొందరు గుర్తుపట్టి ఇటు నడిచి వస్తున్నారు. ఆయన తలుపు తియ్యకుండా కాసేపు వాళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

"వచ్చే నెల కూడా ఇటువైపు వస్తారా?" అని అడిగాడు, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

"పదింటికి తయారుగా ఉండండి" అంది కోడలు.